మిర్చి ఘాటు, కాఫీ, చీమ కుట్టు: కొత్త సోలార్ సెల్‌లో చిటికెడు పదార్థాలు చేస్తున్న పని ఏంటి?

మిర్చి కొరికితే నోరు మండించే పదార్థం పేరు క్యాప్సైసిన్. గుంటూరు మిర్చి ఘాటు కూడా దానిదే. 2021లో షాంఘైలోని ఈస్ట్ చైనా నార్మల్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ఈ క్యాప్సైసిన్‌ను సోలార్ సెల్ తయారుచేసే ద్రావణంలో వెయ్యింట ఒక వంతు కలిపి చూశారు. సెల్ సామర్థ్యం 19.1 శాతం నుంచి 21.88 శాతానికి పెరిగింది. అంతకు రెండేళ్ల ముందు, 2019లో, అమెరికాలోని లాస్ ఏంజెలెస్ కాలిఫోర్నియా యూనివర్సిటీ బృందం కాఫీ, టీలలో ఉండే కెఫీన్‌తో ఇలాంటి పనే చేసింది. 17 శాతం ఉన్నది 20 దాటింది. దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు చీమ కుట్టినప్పుడు చురుక్కుమనిపించే ఫార్మిక్ యాసిడ్‌కు దగ్గరి చుట్టమైన ఫార్మేట్‌ను వాడి 25.6 శాతం దాకా వెళ్లారు.

వినడానికి ఇవన్నీ వాట్సాప్ ఫార్వర్డ్‌లలా ఉంటాయి. కానీ మూడూ నిజంగా జరిగినవే, పేరున్న సైన్స్ పత్రికల్లో అచ్చయినవే. అయితే మిర్చిపొడి తీసుకెళ్లి డాబా మీది ప్యానెల్‌పై చల్లితే కరెంటు పెరగదు, అద్దం కడుక్కోవాల్సిన పని మాత్రం పెరుగుతుంది. ఈ పదార్థాలు పనిచేసేది ఇప్పుడు బజారులో దొరికే సిలికాన్ ప్యానెల్స్‌లో కాదు. పెరోవ్‌స్కైట్ అనే వేరే రకం సెల్‌లో, అదీ తయారీ సమయంలోనే.

మరి ఇంటి పైకప్పుకు దీంతో సంబంధం ఏంటంటే, చాలానే ఉంది. మామూలు సిలికాన్ ప్యానెల్స్‌తో ఒక కిలోవాట్‌కు దాదాపు 100 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. పాతబస్తీ లాంటి ఇరుకు వీధుల్లో, ఒకే డాబా మీద నీళ్ల ట్యాంకు, బట్టల తీగలు, పక్కింటి గోడ నీడ అన్నీ ఉన్న చోట 300 చదరపు అడుగులు దొరకడమే కష్టం. అన్నదమ్ములు తలా ఒక అంతస్తులో ఉంటూ డాబాను పంచుకునే ఇళ్లలో ఇంకా కష్టం. అంతే చోటులో ఒకటిన్నర రెట్లు కరెంటు వచ్చే ప్యానెల్ ఉంటే లెక్క మారిపోతుంది. అందుకే "35 శాతం సోలార్ వచ్చేస్తోంది" అనే వార్త చూసినప్పుడు ఆగాలా, ఇప్పుడే పెట్టించుకోవాలా అనే ప్రశ్న చాలా ఇళ్లలో వస్తోంది.

ముందు సామర్థ్యం అంటే ఏంటి

మంచి ఎండలో ఒక చదరపు మీటరు మీద దాదాపు 1000 వాట్ల వెలుగు పడుతుంది. అందులో 220 వాట్లు కరెంటుగా మారితే ఆ ప్యానెల్ సామర్థ్యం 22 శాతం. ఇప్పుడు ఇళ్ల మీద పెడుతున్న సిలికాన్ ప్యానెల్స్ ఎక్కువగా 20 నుంచి 22 శాతం దగ్గర ఉన్నాయి. సిలికాన్‌కు ప్రకృతి పెట్టిన హద్దు దాదాపు 29.4 శాతం. ఎంత గొప్ప ఫ్యాక్టరీ అయినా ఒక్క సిలికాన్‌తో దాన్ని దాటలేదు.

పెరోవ్‌స్కైట్ అనేది మొదట ఒక ఖనిజం పేరు. 1839లో రష్యాలోని ఉరల్ కొండల్లో దొరికిన రాయికి లెవ్ పెరోవ్‌స్కీ అనే ఖనిజ శాస్త్రవేత్త పేరు పెట్టారు. ఆ రాయిలోని అణువుల అమరిక లాంటిదే ఉన్న పదార్థాలన్నిటికీ ఇప్పుడు అదే పేరు. సోలార్ సెల్‌లో వాడే దాంట్లో సీసం, అయోడిన్, వాటి మధ్య ఖాళీలో కూర్చునే ఒక చిన్న సేంద్రియ అయాన్ ఉంటాయి.

దీని గొప్పతనం తయారీలో ఉంది. సిలికాన్‌ను 1400 డిగ్రీలకు పైగా వేడిలో కరిగించాలి. పెరోవ్‌స్కైట్‌ను సిరాలా కలిపి, అద్దం మీద పూసి, 100 నుంచి 150 డిగ్రీల దగ్గర ఆరబెడితే చాలు. ఇంట్లో ఓవెన్‌కు సరిపడే వేడి అది. పైగా పొర మందం అర మైక్రాన్ దగ్గర ఉంటుంది, అంటే తల వెంట్రుకలో వందో వంతు కంటే చాలా ఎక్కువేం కాదు. సిలికాన్ పొర దానికి 300 రెట్లు మందం.

2009లో జపాన్‌లో త్సుతోము మియసాకా బృందం దీంతో మొదటి సోలార్ సెల్ చేసినప్పుడు సామర్థ్యం 3.8 శాతం. అదీ నిమిషాల్లోనే పాడైపోయింది. 2012కు 10 శాతం దగ్గరికి, 2013కు 15 శాతానికి, ఇప్పుడు ప్రయోగశాలల్లో 26 శాతం పైకి వచ్చింది. సిలికాన్‌కు ఈ దూరం నడవడానికి అర్ధ శతాబ్దం పట్టింది.

లోపం ఎక్కడుంది, చుక్క ఎందుకు

సిరా ఆరిపోయేటప్పుడు లక్షల చిన్న చిన్న స్ఫటికాలు ఒకదాని పక్కన ఒకటి పుడతాయి. త్వరగా ఆరితే అవి పిండిలా చిన్నవిగా, అడ్డదిడ్డంగా వస్తాయి. పటికబెల్లం, అదే మిశ్రీ, చేసేవాళ్లకు ఇది తెలిసిన విషయమే. పాకం నిదానంగా చల్లారితే పెద్ద గడ్డలు కడుతుంది, హడావుడి చేస్తే పొడిపొడిగా అవుతుంది.

స్ఫటికాల అంచుల్లో కొన్నిచోట్ల అయోడిన్ ఉండాల్సిన స్థలం ఖాళీగా ఉంటుంది. దానివల్ల పక్కనున్న సీసం అయాన్‌కు పట్టుకోవడానికి జోడీ దొరకదు. వెలుగు పడి కదిలిన ఎలక్ట్రాన్ తీగ దాకా వెళ్లకముందే ఇలాంటి గుంటలో పడిపోతుంది. అలా పడిన ఎలక్ట్రాన్ కరెంటు కాదు, వేడిగా పోతుంది. గుంతల రోడ్డు మీద పాల క్యాన్లు తీసుకెళ్తే దారిలోనే సగం ఒలికిపోయినట్టు.

కలిపే పదార్థం పని ఆ గుంతలు పూడ్చడం. అది తనంతట తాను కరెంటు ఇవ్వదు. మెహందీ కలిపే ఆడవాళ్లకు ఈ తేడా చెప్పక్కర్లేదు. నాలుగు చుక్కల నిమ్మరసం, కాస్త నీలగిరి తైలం పడితే చెయ్యి బాగా పండుతుంది, కానీ నిమ్మరసం ఒక్కటే రాసుకుంటే చేతికి రంగు రాదు. రంగు గోరింటాకుదే.

కెఫీన్ అణువులో, క్యాప్సైసిన్ అణువులో ఒక పోలిక ఉంది. రెండిట్లోనూ కార్బన్‌కు జంట బంధంతో అతుక్కున్న ఆక్సిజన్ ఉంటుంది. ఆ ఆక్సిజన్ తన దగ్గరున్న ఎలక్ట్రాన్ జతను జోడీ లేని సీసానికి ఇచ్చి దాన్ని పట్టుకుంటుంది. గుంత పూడిపోతుంది. కెఫీన్ విషయంలో ఇంకో లాభం కూడా కనిపించింది. సీసాన్ని అది గట్టిగా పట్టుకోవడంతో స్ఫటికాలు నిదానంగా, ఒకే దిశలో పెరిగాయి. పొద్దున్నే కాఫీ తాగుతూ ఒకరు సరదాగా అన్న మాటతో మొదలైన ప్రయోగం అది. సిలికాన్‌లో అలాంటి సీసం లేదు కాబట్టి అక్కడ కెఫీన్ పనిచేయదని ఆ బృందమే స్పష్టంగా చెప్పింది.

ఫార్మేట్‌ది వేరే దారి. అది అయోడిన్ వదిలిన ఖాళీ సీట్లోనే నేరుగా కూర్చుంటుంది. సైజు సరిపోతుంది, సీసంతో బంధం కూడా బలంగా ఉంటుంది. 2018లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు పొటాషియంతో చేసింది మూడో పద్ధతి. పొటాషియం స్ఫటికాల అంచుల్లో కాపలా ఉండి, అటూ ఇటూ తిరిగే అయోడిన్, బ్రోమిన్ అయాన్లను కదలనివ్వకుండా కట్టేస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువగా వాడుతున్నది మాత్రం వార్తల్లోకి ఎక్కని పదార్థం. దాని పేరు మిథైల్ అమ్మోనియం క్లోరైడ్. ఇది స్లాబ్ వేసేటప్పుడు కట్టే సెంట్రింగ్ లాంటిది. పెరోవ్‌స్కైట్‌లో కరెంటు ఇచ్చేది నల్లటి రూపం. ఫార్మామిడినియం అనే అయాన్‌తో చేసిన రకం గది వేడిలో వదిలేస్తే పసుపు రంగులోకి మారి పనికిరాకుండా పోతుంది. క్లోరైడ్ ఆ నల్లటి రూపం కట్టుకునే దాకా సాయం పడుతుంది, స్ఫటికాలను పెద్దవిగా పెరగనిస్తుంది, చివరికి వేడి చేసేటప్పుడు చాలా వరకు ఆవిరై పోతుంది. స్లాబ్ ఉంటుంది, సెంట్రింగ్ చెక్క ఉండదు. మిర్చి, కాఫీ కథలకు హెడ్‌లైన్లు వచ్చాయి కానీ రికార్డు సెల్స్‌లో ఎక్కువ భాగం మోసింది ఈ పేరులేని ఉప్పే.

ఏది కలిపినా మోతాదు ముఖ్యం. ఈ పదార్థాల్లో చాలావాటి గుండా కరెంటు పారదు. కూరలో ఉప్పులాగే, కాస్త ఎక్కువైతే గుంతలు పూడ్చాల్సినవే దారికి అడ్డం పడతాయి.

ఉస్మానియా నుంచి స్విట్జర్లాండ్ దాకా

ఈ పరిశోధనలో హైదరాబాద్‌కు దగ్గరి పేరు ఒకటి ఉంది. మొహమ్మద్ ఖాజా నజీరుద్దీన్. ఉస్మానియా యూనివర్సిటీలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసి, స్విట్జర్లాండ్‌లోని లొసాన్ నగరంలో ఉన్న ఈపీఎఫ్‌ఎల్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో దశాబ్దాలు పనిచేసిన శాస్త్రవేత్త. అక్కడ మైకేల్ గ్రాట్జెల్‌తో కలిసి రంగు పదార్థంతో వెలుగును పట్టే సోలార్ సెల్స్ మీద పనిచేశారు. 1993లో ఆయన మొదటి రచయితగా వచ్చిన పత్రం ఆ రకం సెల్స్‌ను 10 శాతం దగ్గరికి చేర్చింది. 2009లో మియసాకా చేసిన మొదటి పెరోవ్‌స్కైట్ సెల్ కూడా ఆ నమూనాలోనే, రంగు ఉండాల్సిన చోట పెరోవ్‌స్కైట్ పెట్టి చేసింది. అంటే ఈ ఇంటికి పునాది అక్కడ పడింది.

2013లో 15 శాతం సాధించిన పత్రంలో నజీరుద్దీన్ సహ రచయిత. 2016లో అదే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మరో పత్రం సిరాలో కొద్దిగా సీసియం కలిపి 21.1 శాతం తెచ్చింది. దాని రచయితల్లో నజీరుద్దీన్‌తో పాటు షేక్ మొహమ్మద్ జకీరుద్దీన్ పేరు కూడా ఉంది. సీసియం రాకతో సామర్థ్యం కన్నా పెద్ద లాభం ఏంటంటే, ఒకే రకం సెల్‌ను పదిసార్లు చేస్తే పదిసార్లూ దాదాపు ఒకేలా రావడం మొదలైంది. అంతవరకూ వంట చేసేవారి చేతిని బట్టి బిర్యానీ మారినట్టు, సెల్ చేసే విద్యార్థిని బట్టి ఫలితం మారేది.

అయితే ఈ వ్యాసానికి అసలు అవసరమైనది 2017లో నజీరుద్దీన్ బృందం ప్రచురించిన పని. వాళ్లు అమినోవాలెరిక్ యాసిడ్ అనే పదార్థాన్ని 3 శాతం కలిపారు. అది పెరోవ్‌స్కైట్ అడుగున, పొరలు పొరలుగా ఉండే ఒక పలుచని కవచంలా ఏర్పడింది. పొడవు, వెడల్పు 10 సెంటీమీటర్లు ఉండే పలకలు చేసి, పైన బంగారం బదులు చవకైన కార్బన్ వాడారు. సామర్థ్యం 11.2 శాతమే. రికార్డుల పక్కన పెడితే చిన్న అంకె. కానీ 10,000 గంటలకు పైగా ఆ సామర్థ్యం తగ్గలేదు. అంటే ఏడాది దాటింది. నిమిషాల్లో చచ్చిపోయిన పదార్థం ఎనిమిదేళ్లలో ఏడాది బతకడం నేర్చుకుంది.

కార్బన్ దారిలో హైదరాబాద్ శివారు బాలాపూర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ శాస్త్రవేత్తలు కూడా పనిచేస్తున్నారు.

అంకె వెనక చూడాల్సినవి

సామర్థ్యం వార్త చదివేటప్పుడు శాతం ఒక్కటే చూస్తే మోసపోతాం. ముందుగా, పెరిగింది దేనితో పోలిస్తే అన్నది చూడాలి. కెఫీన్ కలిపితే 17 నుంచి 20 దాటడం పెద్ద గెంతులా కనిపిస్తుంది. కానీ అదే 2019లో వేరే పద్ధతులతో చేసిన సెల్స్ 25 శాతం అందుకున్నాయి. కలపక ముందు సెల్‌లో గుంతలు ఎక్కువ ఉంటే, పూడ్చినప్పుడు లాభం కూడా ఎక్కువే కనిపిస్తుంది. మిర్చి ప్రయోగానికీ ఇదే వర్తిస్తుంది. అలాగని అవి దండగ కాదు. ఏ రకం అణువు సీసాన్ని ఎలా పట్టుకుంటుందో తెలిశాక, దానికంటే మెరుగైనదాన్ని వెతకడం సులువవుతుంది.

రెండోది సైజు. రికార్డు సెల్స్ చాలా వరకు గోరంత ఉంటాయి, చదరపు సెంటీమీటరు కన్నా చిన్నవి. గోరంత చోట సిరాను నున్నగా పూయడం ఒక ఎత్తు, తలుపంత అద్దం మీద ఎక్కడా చుక్క తేడా లేకుండా పూయడం ఇంకో ఎత్తు.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, గంటలు. కెఫీన్ సెల్ 85 డిగ్రీల వేడిలో 1300 గంటల తర్వాత కూడా మొదటి సామర్థ్యంలో 86 శాతం నిలుపుకుంది. కెఫీన్ లేనిది 175 గంటలకే 60 శాతానికి పడిపోయింది. తేడా చాలా గొప్పది. కానీ 1300 గంటలు అంటే 54 రోజులు. సిలికాన్ ప్యానెల్‌కు కంపెనీలు ఇచ్చే హామీ 25 ఏళ్లు, అంటే 2,19,000 గంటలు. 25 ఏళ్లంటే ప్యానెల్ పెట్టిన రోజు పుట్టిన బిడ్డకు పెళ్లీడు వచ్చే దాకా.

ఆ 85 డిగ్రీలు ఊరికే పెట్టుకున్న అంకె కాదు. బజారులోకి వచ్చే ఏ ప్యానెల్ అయినా 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో 1000 గంటలు నిలబడాలన్నది అంతర్జాతీయ పరీక్షల్లో ఒకటి. మే నెలలో ఖమ్మం, రామగుండం వైపు ఎండ 44 డిగ్రీలు ఉన్నప్పుడు డాబా మీది ప్యానెల్ 65, 70 డిగ్రీల దాకా కాలుతుంది. వెంటనే జూన్‌లో వాన. పెరోవ్‌స్కైట్‌కు ఈ రెండూ శత్రువులే. వేడికి అందులోని మిథైల్ అమ్మోనియం ఆవిరైపోతుంది, తేమకు స్ఫటికం కరిగిపోతుంది. అందుకే లోపల ఏం కలిపినా, పైన మూత కూడా గట్టిగా ఉండాలి. దమ్ బిర్యానీ హండీ మూతకు చుట్టూ పిండి పెట్టినట్టు, రెండు అద్దాల మధ్య పెట్టి అంచులు మూసేస్తారు. పిండి ఎక్కడ పగిలినా దమ్ పోతుంది.

సీసం సంగతి

సీసం పేరు వినగానే భయం రావడం సహజం. పిల్లల కళ్లకు పెట్టే కొన్ని సుర్మాల్లో సీసం ఉంటుందని డాక్టర్లు హెచ్చరించడం చాలా ఇళ్లలో విన్నదే. పెరోవ్‌స్కైట్ పొర చాలా పలుచన కాబట్టి చదరపు మీటరు ప్యానెల్‌లో సీసం గ్రాము కన్నా తక్కువే ఉంటుంది. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీలో కిలోల కొద్దీ ఉంటుంది. అయితే పోలిక అక్కడితో ఆపేస్తే సగం నిజమే చెప్పినట్టు. బ్యాటరీలోని సీసం గట్టి డబ్బాలో ఉంటుంది, పాతదాన్ని దుకాణదారు డబ్బులిచ్చి తీసుకెళ్తాడు. పెరోవ్‌స్కైట్‌లోని సీసం ఉప్పు రూపంలో ఉంటుంది, అద్దం పగిలి వాన పడితే కరిగి డాబా నీళ్లలో కలిసే వీలుంది. ఇక్కడ కూడా కలిపే పదార్థాలే ఆశ చూపిస్తున్నాయి. 2020లో అమెరికా శాస్త్రవేత్తలు సెల్ ముందూ వెనకా సీసాన్ని పీల్చుకునే పొరలు వేసి, సెల్‌ను పగలగొట్టి పరీక్షిస్తే కారే సీసంలో 96 శాతానికి పైగా ఆ పొరల్లోనే ఆగిపోయింది. సీసం బదులు తగరం వాడే ప్రయత్నాలూ ఉన్నాయి, కానీ వాటి సామర్థ్యం, ఆయుష్షు ఇంకా బాగా వెనకే ఉన్నాయి.

మరి ఇప్పుడు పెట్టించుకోవాలా, ఆగాలా

"35 శాతం" అని వచ్చే వార్తలు ఒక్క పెరోవ్‌స్కైట్‌వి కావు. సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ పొర వేసిన జోడీ సెల్స్‌వి. పై పొర నీలం, ఆకుపచ్చ వెలుగును పడుతుంది, దాన్ని దాటి వచ్చిన ఎరుపును కింద సిలికాన్ పడుతుంది. చైనా కంపెనీ లాంగీ 2024లో ఇలా 34.6 శాతం, 2025లో 34.85 శాతం చూపించింది. చిన్న సెల్ మీద, ప్రయోగశాలలో. బ్రిటన్ కంపెనీ ఆక్స్‌ఫర్డ్ పీవీ 2024 సెప్టెంబర్‌లో జర్మనీలో తయారైన పెద్ద జోడీ ప్యానెల్స్‌ను మొదటిసారి అమెరికాలోని ఒక కొనుగోలుదారుకు పంపింది. వాటి సామర్థ్యం 24.5 శాతం. ప్రయోగశాల అంకెకూ లారీ ఎక్కిన ప్యానెల్ అంకెకూ మధ్య ఉన్న ఆ పది శాతం తేడాయే ఇప్పటి వాస్తవం. పైగా అవి వెళ్లింది పెద్ద పవర్ ప్లాంటుకు, ఇంటి డాబాకు కాదు.

మన దగ్గర ఇళ్ల మీద పెట్టడానికి చూపిస్తున్న ప్యానెల్స్ సిలికాన్‌వే. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30,000 రూపాయలు, 3 కిలోవాట్లు, ఆపైన అయితే మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తున్నారు. 3 కిలోవాట్ల సిస్టమ్ సగటున రోజుకు 12 యూనిట్ల దాకా ఇస్తుంది. నెలకు 300 యూనిట్లు వాడే ఇల్లు పెరోవ్‌స్కైట్ కోసం నాలుగైదేళ్లు ఆగితే, ఆ నాలుగైదేళ్ల బిల్లు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వరు. డాబా మీద చోటు సరిపోయేవాళ్లకు ఆగడంలో లాభం కనిపించదు. 100, 150 చదరపు అడుగులే ఉన్నవాళ్లు కూడా ఒకటి, ఒకటిన్నర కిలోవాట్‌తో మొదలుపెట్టుకోవచ్చు. స్టాండు గట్టిగా, తర్వాత ప్యానెల్ మార్చడానికి వీలుగా కట్టించుకుంటే సరి.

ఎవరైనా ఏజెంట్ వచ్చి "ఇది పెరోవ్‌స్కైట్ ప్యానెల్, 30 శాతం" అంటే అడగాల్సినవి ఎక్కువేం లేవు. ఆ 30 శాతం మొత్తం ప్యానెల్‌దా, గోరంత సెల్‌దా? 85 డిగ్రీల వేడి, తేమ పరీక్ష సర్టిఫికెట్ ఏది? పగిలితే వెనక్కి తీసుకునేది ఎవరు? హామీ ఎన్నేళ్లు, అది కాగితం మీద ఎవరి సంతకంతో ఉంది? వీటికి సమాధానం చూపించకుండా అడ్వాన్సు అడిగితే, ఆ డబ్బు ఇవ్వక్కర్లేదు.